తాగుడు మానేందుకు దగ్గర్లో గ్రూపు వెతుక్కోవడం ఎలా?

నేను మొదటిసారి వెళ్లిన మీటింగ్ గదికి తాళం వేసి ఉంది. సాయంత్రం ఆరున్నరకు అని ఇంటర్నెట్‌లో చూసి, రెండు రోజులు గుండె దిటవు చేసుకుని, ఆ రోజు పొద్దుటి నుంచి చుక్క ముట్టకుండా వెళ్లాను. తలుపు మీద కాగితం ముక్క కూడా అంటించి లేదు. లోపల లైటు ఏమైనా వెలుగుతోందా అని కిటికీ సందులోంచి చూశాను. పావుగంట అక్కడే నిలబడ్డాక ఆ బిల్డింగ్ వాచ్‌మన్ వచ్చి, “వాళ్లు ఇక్కడ పెట్టడం మానేసి చాలా నెలలైందండీ” అన్నాడు. ఇంటికి వచ్చే దారిలోనే తాగాను. మళ్లీ ఇంకో గ్రూపు వెతకడానికి ఐదు నెలలు పట్టింది.

ముందుగా ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆ ఐదు నెలలు తప్పేవి. ఎవరో ఒకరు కొత్త చోటు చెప్పేవారు. తాగుడు మానాలని గట్టిగా అనిపించే ఘడియలు ఎప్పుడో గానీ రావు, వచ్చినా ఎక్కువసేపు ఉండవు. అవి తాళం వేసిన తలుపు ముందు కరిగిపోకూడదు. మీ కోసం గానీ, మీ ఇంట్లో మనిషి కోసం గానీ గ్రూపు వెతుకుతుంటే ఏది ముందు చేయాలో, ఏది తర్వాతో నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందు ఒంటి సంగతి చూసుకోండి

పొద్దుటి నుంచి ముట్టకుండా వెళ్లానన్నాను కదా, అదీ తెలియక చేసిన పనే. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి పూర్తిగా ఆపేస్తే ఒళ్లు తిరగబడుతుంది. ఆఖరిసారి తాగిన 6 నుంచి 12 గంటల్లో చేతులు వణకడం, చెమటలు, వాంతులు, గుండె దడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య ఇంకొందరికి మతి చెదిరిపోతుంది. లేని మనుషులు కనిపిస్తారు, ఎక్కడున్నారో తెలియదు, జ్వరం, బీపీ పెరుగుతాయి. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోయే స్థితి అది. మద్యం మెదడును మందగింపజేస్తుంది. దాన్ని తట్టుకుని పనిచేయడానికి మెదడు కొన్నేళ్లుగా తన జోరు పెంచుకుంటూ వచ్చి ఉంటుంది. మద్యం ఒక్కసారిగా తీసేస్తే ఆ జోరుకు పగ్గం ఉండదు.

అందుకని, పొద్దున్న లేవగానే కాస్త పడకపోతే చేతులు వణికేవాళ్లు, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు ముందు డాక్టరును కలవాలి. కొద్దిరోజులు మందులిచ్చి, థయమిన్ అనే బి1 విటమిన్ ఇచ్చి, దగ్గరుండి చూసుకుంటూ మాన్పిస్తారు. ఆ తర్వాత తాగాలనే కోరిక తగ్గడానికో, మళ్లీ మొదలవకుండా ఉండడానికో నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్, డైసల్ఫిరామ్ లాంటి మందులున్నాయి. మీకు ఏది సరిపడుతుందో ఆయన చెబుతారు. ఈ దశలో గ్రూపు వైద్యానికి బదులు కాదు. ఒళ్లు కుదుటపడ్డాక, సాయంత్రం కాగానే కాళ్లు పాత దారి పట్టే రోజుల్లో గ్రూపు అక్కరకొస్తుంది.

డాక్టరును కలిసినప్పుడే “ఇక్కడ దగ్గర్లో మీటింగులు ఎక్కడ జరుగుతాయండీ?” అని అడగండి. వెతుకులాట అక్కడే మొదలైపోతుంది.

ఎలాంటి గ్రూపులుంటాయో తెలుసుకోండి

ఎక్కువచోట్ల దొరికేది ఆల్కహాలిక్స్ అనానిమస్. అందరూ ఏఏ అంటారు. తాగుడు మానినవాళ్లే, మానాలనుకునేవాళ్లే కలిసి నడుపుకుంటారు. జీతాలు తీసుకునే కౌన్సెలర్లు ఉండరు. ఫీజు లేదు. చేరడానికి ఒకటే షరతు, తాగుడు మానాలన్న కోరిక ఉండాలి. మానేసి రావాలని కాదు, కోరిక ఉంటే చాలు. 12 మెట్లు అనే పద్ధతిని అనుసరిస్తారు. అందులో దేవుడి ప్రస్తావన ఉంటుంది, అది ఎవరికి అర్థమైన దేవుడు వారికే. ఆ మాట వినగానే వెనక్కి తగ్గేవాళ్లు చాలామంది ఉన్నారు. నేనూ తగ్గాను. తర్వాత తెలిసింది, ఏ నమ్మకమూ లేనివాళ్లు ఏళ్ల తరబడి అదే గదిలో కూర్చుని తాగకుండా ఉన్నారని. వాళ్లలో కొందరు ఆ గదిలోని మనుషులనే తమకంటే పెద్ద శక్తి అనుకుంటారు.

ఇది పనిచేస్తుందా అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. 2020లో జాన్ కెల్లీ, కీత్ హంఫ్రీస్, మరీకా ఫెర్రీ అనే పరిశోధకులు 27 అధ్యయనాలను, వాటిలో పాల్గొన్న 10,565 మందిని కలిపి చూసి, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ తరఫున సమీక్ష ప్రచురించారు. ఏఏకు అలవాటు పడేలా పద్ధతి ప్రకారం ప్రోత్సహించే చికిత్స తీసుకున్నవాళ్లలో, ఇతర చికిత్సలు తీసుకున్నవాళ్లతో పోలిస్తే, పూర్తిగా మానేసి నిలబడ్డవాళ్లు ఎక్కువమంది అని తేలింది. డాక్టరో, కౌన్సెలరో పనిగట్టుకుని మీటింగుకు పంపడం, వెళ్లారా లేదా అని కనుక్కోవడం వృథా పోవని నాకు దాంట్లో కనిపించింది.

ఏఏ నచ్చకపోతే దారులు మూసుకుపోయినట్టు కాదు. 1994లో మొదలైన స్మార్ట్ రికవరీలో శిక్షణ పొందిన ఒక మనిషి మీటింగు నడిపిస్తారు. దేవుడి మాట ఉండదు. తాగాలనిపించినప్పుడు ఏ ఆలోచన ముందు వస్తుంది, దాన్ని ఎలా ఎదుర్కోవాలి అని కాగితం మీద రాసుకుని చర్చించుకుంటారు. లైఫ్‌రింగ్ కూడా మతంతో సంబంధం లేనిదే, అక్కడ ఒకరి మాటకు ఒకరు జవాబివ్వొచ్చు. ఆడవాళ్ల కోసం జీన్ కిర్క్‌పాట్రిక్ 1975లో మొదలుపెట్టిన విమెన్ ఫర్ సోబ్రైటీ ఉంది. మగవాళ్ల మధ్య నోరు విప్పలేని ఆడవాళ్లకు అదెంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. ధ్యానం మీద ఆసక్తి ఉన్నవాళ్లకు రికవరీ ధర్మ ఉంది. ఇవి కాక, డీ-అడిక్షన్ సెంటర్లు, ఆస్పత్రులు తమ దగ్గర చికిత్స పొందినవాళ్ల కోసం నడిపే గ్రూపులు వేరు.

నన్నడిగితే, ముందు ఇంటికి దగ్గర్లో ఏది ఉంటే దానికి వెళ్లండి. సిద్ధాంతం బాగుందని రెండు బస్సులు మారి వెళ్లేదాన్ని ఎంచుకుంటే, వాన పడ్డ రోజు వెళ్లరు. తాగాలనిపించేది సరిగ్గా ఆ రోజే.

పేరు, సమయం, చోటు రాసుకోండి

ఈ గ్రూపుల అధికారిక వెబ్‌సైట్లలో మీటింగులు వెతుక్కునే పేజీలు ఉంటాయి. ఏఏకు మీటింగ్ గైడ్ అనే యాప్ కూడా ఉంది. అన్ని ప్రాంతాల మీటింగులూ అందులో ఉండవు గానీ, ఉన్నచోట మీకు దగ్గరివి, ఆ రోజు జరిగేవి చూపిస్తుంది. ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు ఒట్టి ‘తాగుడు మానడం’ అని కొడితే ప్రకటనలే ముందు వస్తాయి. డబ్బు కట్టించుకునే సెంటర్లు కూడా గ్రూపుల్లా కనిపిస్తాయి. గ్రూపు పేరు, పక్కనే మీ ఊరి పేరు, ‘మీటింగ్’ అనే మాట కలిపి వెతకండి.

ఇంటర్నెట్ అలవాటు లేకపోతే ప్రభుత్వ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం, డీ-అడిక్షన్ వార్డు, ప్రభుత్వ హెల్ప్‌లైన్ మంచి చోట్లు. వార్డులో నర్సులను అడగండి. ఏ గ్రూపువాళ్లు వారం వారం వచ్చి పేషెంట్లతో మాట్లాడి వెళ్తారో వాళ్లకు బాగా తెలుస్తుంది. మీకు తెలిసినవాళ్లలో తాగుడు మానేసిన మనిషి ఎవరైనా ఉంటే, మొహమాటం పక్కనపెట్టి ఆయన్నే అడగండి. ఆ ప్రశ్న విని నవ్వే అవకాశం అందరికంటే తక్కువ ఉన్నది ఆయనకే.

ఒక్కటి దొరకగానే ఆగకండి. కనీసం మూడు మీటింగుల వివరాలు ఒక కాగితం మీద రాసుకోండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, బిల్డింగులో ఏ అంతస్తు, ఎవరికి ఫోన్ చేయాలి. ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా అన్నదీ రాసుకోండి. ఓపెన్ అంటే ఇంట్లోవాళ్లు, స్నేహితులు, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. క్లోజ్డ్ అంటే తాగుడు సమస్య ఉందనుకునేవాళ్లకు మాత్రమే. మొదటిసారి తోడు లేకుండా వెళ్లలేననుకుంటే ఓపెన్ మీటింగు చూసుకోండి.

ఫోన్ చేయండి

మనలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే. నంబరు జేబులో వారాల తరబడి ఉంటుంది. ఏం మాట్లాడాలో తెలియక, అవతల ఎవరు ఎత్తుతారో అన్న భయంతో చెయ్యం.

ఏఏ పుట్టిందే ఒక ఫోన్ కాల్‌తో. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ స్టాక్ బ్రోకర్ పని మీద ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ నగరానికి వెళ్లాడు. పని చెడింది. ఆయన మానేసి అప్పటికి ఐదు నెలలు. హోటల్ లాబీలో ఒంటరిగా ఉన్నాడు, పక్కనే బార్. బార్‌లోకి నడవకుండా అక్కడున్న టెలిఫోన్ దగ్గరికి వెళ్లి, ఆ ఊళ్లో తనలాగే తాగుడుతో బాధపడే మనిషి ఎవరైనా ఉన్నారా, మాట్లాడాలి అని చర్చిల వాళ్లకు ఫోన్లు చేశాడు. ఒకరి నుంచి ఇంకొకరికి మాట చేరి, చివరికి తనలాగే తాగుడుతో బాధపడుతున్న డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్ సంగతి తెలిసింది. డాక్టర్ బాబ్ పావుగంట మాత్రమే ఉంటానని షరతు పెట్టి వచ్చి, కొన్ని గంటలపాటు కూర్చుండిపోయాడు. ఆయన ఆఖరిసారి తాగిన రోజుగా చెప్పుకునే 1935 జూన్ 10నే ఏఏ తన పుట్టినరోజుగా లెక్కపెట్టుకుంటుంది. ఆ రోజు బిల్ చేతిలో నంబరు కూడా లేదు, వెతుక్కున్నాడు. మీ చేతిలో నంబరు ఉంది.

ఫోన్‌లో పెద్దగా చెప్పాల్సింది ఏమీ లేదు. “నమస్కారమండీ, మీటింగ్ గురించి అడుగుదామని చేశాను. నేను కొత్త. ఈ వారం మీటింగ్ ఉందా? అదే చోటేనా?” ఇంతే. పేరు చెప్పక్కర్లేదు, ఎంత తాగుతారో చెప్పక్కర్లేదు. నేను ఫోన్ చేసిన రోజు నా గొంతు ఎంత వణికిందంటే, ‘మీటింగ్’ అన్న మాట రెండుసార్లు మింగేశాను. అవతలి ఆయన తొందరపెట్టలేదు. “నెమ్మదిగా చెప్పండి, నేనూ మొదటిసారి ఇలాగే చేశాను” అన్నారు. అలా చెప్పాక అడ్రసు చెప్పారు, మెట్లు ఎక్కి ఎడమ పక్కకు తిరగాలని చెప్పారు, తాను గుమ్మం దగ్గర నిలబడతానని చెప్పారు. ఆ చివరి మాటే నన్ను నడిపించింది. మీరూ అడగండి: “నేనొచ్చేసరికి ఎవరైనా బయట ఉంటారా?” అని. చాలా గ్రూపుల్లో సంతోషంగా ఉంటామంటారు.

ఒకవేళ ఫోన్ ఎత్తకపోతే ఆ నంబరు పనికిరాదని అనుకోకండి. అది ఎక్కువసార్లు ఒక సభ్యుడి సొంత ఫోనే అయి ఉంటుంది, ఆయనకూ ఉద్యోగం ఉంటుంది. మెసేజ్ పెట్టి, సాయంత్రం మళ్లీ చేయండి. ఈలోగా కాగితం మీద రెండో నంబరుకు చేయండి.

మొదటి రోజు

పది నిమిషాలు ముందే వెళ్లండి. ఆలస్యంగా వెళ్తే అందరూ తల తిప్పి చూస్తారన్న భయంతో తలుపు దగ్గరి నుంచే వెనక్కి వచ్చేస్తాం. తాగకుండా వెళ్లగలిగితే మంచిది. కానీ ఒంటి పరిస్థితి వల్ల డాక్టరు లేకుండా ఒక్కసారిగా ఆపకూడని మనిషైతే, ఈ మాట పట్టుకుని ఆపేయొద్దు. తాగి వచ్చినా చాలా గ్రూపులు బయటికి పంపవు. ఆ రోజుకు మాట్లాడకుండా కూర్చుని వినమంటాయి, అంతే. తాగి మాత్రం బండి నడపకండి.

తెలిసినవాళ్లు కనిపిస్తే? కనిపించవచ్చు. వాళ్లు కూడా అదే పని మీద వచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019 నాటికి ప్రపంచంలో 40 కోట్లమందికి మద్యం వల్ల వచ్చిన రుగ్మత ఉంది. అంతమందిలో ఒకరిద్దరు మీ వీధివాళ్లయితే అది వింత కాదు.

గదిలో కుర్చీలు గుండ్రంగానో వరసల్లోనో వేసి ఉంటాయి. నేను తలుపు పక్క కుర్చీలో, సగం మాత్రమే ఆనుకుని కూర్చున్నాను, ఎప్పుడైనా లేచి పోవచ్చని. ఒకాయన ఏదో చదవమని అందరికీ తలా ఒక కాగితం పంచారు. నా చేతిలో కాగితం గలగలలాడుతోంది. పక్కనున్న పెద్దాయన ఏమీ అనకుండా ఆ కాగితం కింద తన పుస్తకం పెట్టారు, ఆనించుకోవడానికి. నేను ఆయన మొహం వైపు చూడలేదు. కాగితం చప్పుడు ఆగింది.

మీటింగు గంట, గంటన్నర ఉంటుంది. మొదట ఒకరు నియమాలు చదువుతారు. తర్వాత ఒకరి వెంట ఒకరు మాట్లాడతారు. పేరు మాత్రమే చెబుతారు, ఇంటిపేరు, ఉద్యోగం ఎవరూ అడగరు. మీ వంతు వచ్చినప్పుడు “ఈరోజుకు వింటానండీ” అంటే సరిపోతుంది. ఏఏలో ఎక్కువచోట్ల ఒకరు మాట్లాడాక ఎవరూ సలహా ఇవ్వరు, ప్రశ్న వేయరు, ఒక్కమాట థ్యాంక్స్ చెప్పి పక్కవారి వంతుకు వెళ్లిపోతారు. కొత్తవాళ్లకు ఇది ముభావంగా అనిపిస్తుంది. గుండెల్లోది కక్కేశాక ఎవరూ పలకలేదేంటి అని బాధపడతారు. సలహాలు విని విని విసిగిపోయిన మనుషులు పెట్టుకున్న నియమం అది. పలకరింపులన్నీ మీటింగు అయిపోయాక ఉంటాయి. అందుకే అయిపోగానే పారిపోకండి, పది నిమిషాలు ఆగండి. ఫోన్ నంబర్లు అప్పుడే దొరుకుతాయి.

చివర్లో డబ్బుల సంచీ ఒకటి చేతులు మారుతూ వస్తుంది, గది అద్దెకు. కొత్తవాళ్లు వేయక్కర్లేదు. ఎవరూ గమనించరు కూడా.

ఇంకో విషయం. గదిలో విన్నది బయట చెప్పకూడదన్నది అందరూ పాటించే మాట. అయితే అది మాట మీద నిలిచే నమ్మకమే, లాయరుకు చెప్పినప్పుడు ఉండే చట్టరక్షణ లాంటిది కాదు. కోర్టు కేసుల్లాంటివి ఏమైనా ఉంటే ఆ వివరాలు లాయరు దగ్గరే మాట్లాడండి.

ఒక్క మీటింగుతో తేల్చేయకండి

మొదటి మీటింగు బాగా అనిపించకపోవడం మామూలే. ఆ రోజు ఎవరో ఒకరే అరగంట మాట్లాడి ఉండవచ్చు. మీ వయసువాళ్లు ఒక్కరూ లేకపోవచ్చు. ఒకే గ్రూపుకు మూడుసార్లైనా వెళ్లండి, వేరే గ్రూపులు ఒకటి రెండు చూడండి, అప్పుడు తేల్చుకోండి. ఏఏలో కొత్తవాళ్లకు 90 రోజుల్లో 90 మీటింగులకు వెళ్లమని చెప్పే వాడుక ఉంది. అందరికీ కుదరదు. నాకూ కుదరలేదు, వారానికి నాలుగు వెళ్లగలిగాను. మొదటి మూడు నెలలు ఎంత ఎక్కువ వెళ్తే అంత మంచిదన్నది మాత్రం నిజం.

ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే: నేను రాకపోతే కనుక్కునే మనిషి ఆ గదిలో ఉన్నారా? గది ఎంత బాగుంది, ఎంతమంది వస్తారు, ఎంత గొప్పగా మాట్లాడతారు అనేవన్నీ ఆ తర్వాతే. నేను రెండో గ్రూపులో వరసగా రెండు వారాలు కనబడకపోతే ఎవరూ ఫోన్ చేయలేదు. మూడో గ్రూపులో ఒక్క శనివారం మానేస్తే ఆదివారం పొద్దున్నే ఫోన్ వచ్చింది: “ఏం బాబూ, ఒంట్లో బాగుందా?” అని. ఆ ఫోన్ వచ్చేసరికి నేను సీసా ముందే కూర్చుని ఉన్నాను. మూత తీయలేదు. అప్పటి నుంచి అదే నా గ్రూపు.

కొన్నాళ్లయ్యాక స్పాన్సర్ అనే మాట వింటారు. మీకంటే ముందు మానేసి, మెట్ల గుండా మిమ్మల్ని నడిపించే అనుభవస్తుడు అన్నమాట. తాగాలనిపించినప్పుడు మొదట ఫోన్ చేయాల్సింది ఆయనకే. మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు ఉండడం మంచిదని చెబుతారు. ఎవరి మాటలు వింటుంటే మీ కథే విన్నట్టుంటుందో వాళ్లను అడగండి. కాదన్నా నొచ్చుకోకండి, వాళ్లకు అప్పటికే ముగ్గురు నలుగురు ఉండి ఉంటారు.

ఇలాంటివి కనిపిస్తే వచ్చేయండి

డాక్టరు ఇచ్చిన మందులు ఆపేయమని ఎవరైనా చెబితే వినొద్దు. మానసిక సమస్యకు వాడే మాత్రలైనా, తాగుడు కోరిక తగ్గించే మాత్రలైనా సరే. సభ్యులెవరూ డాక్టరు పాత్ర తీసుకోకూడదని ఏఏ తన పుస్తకాల్లోనే రాసుకుంది. మందులు వాడుతుంటే నిజంగా మానినట్టు కాదని వాదించేవాళ్లు అక్కడక్కడా తగులుతారు. వాళ్ల మాట నమ్మి మాత్రలు ఆపి, మళ్లీ ఆస్పత్రి పాలైన మనిషిని నేను దగ్గరగా చూశాను.

అప్పు అడిగినా, ఏదైనా అమ్మజూపినా, చేరడానికి డబ్బు కట్టమన్నా అనుమానించండి. కొత్తగా వచ్చిన, ఇంకా నిలదొక్కుకోని ఆడవాళ్లకు, వయసులో చిన్నవాళ్లకు సానుభూతి పేరుతో దగ్గరవ్వాలని చూసే పాత సభ్యులు కొన్నిచోట్ల ఉంటారు. చెప్పడానికి కష్టంగా ఉంది గానీ, దాచితే నష్టపోయేది కొత్తవాళ్లే. అలా అనిపించిన వెంటనే గ్రూపులో ఇంకో పెద్దకు చెప్పండి, పట్టించుకోకపోతే గ్రూపు మారండి. మీటింగు మారడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మళ్లీ తాగితే

చాలామంది తాగుతారు. తాగాక గ్రూపుకు వెళ్లడానికి మొహం చెల్లదు. “అంతమంది ముందు 40 రోజులని చెప్పుకున్నాను, ఇప్పుడేం చెప్పను?” అనిపిస్తుంది. ఆ సిగ్గుతో నెల రోజులు వెళ్లకపోతే ఒక రోజు తాగడం కాస్తా నెల రోజుల తాగుడవుతుంది. మర్నాడే వెళ్లండి. వెళ్లలేకపోతే ఫోన్ చేసి “నిన్న తాగాను” అని రెండే మాటలు చెప్పండి. ఆ మాట వినని గ్రూపు ఉండదు. నేను చెప్పిన రోజు, మొదటి మీటింగులో నా కాగితం కింద పుస్తకం పెట్టిన ఆ పెద్దాయన, “వచ్చావు కదా” అని కుర్చీ జరిపారు.

ఎక్కువరోజులు తాగి మళ్లీ ఆపుతున్నట్టైతే మొదట చెప్పిన ఒంటి జాగ్రత్తలు ఇప్పుడూ వర్తిస్తాయి. ఇదివరకు ఫిట్స్ వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే ప్రమాదం ఎక్కువ.

ఇంట్లోవాళ్ల కోసం

మీ భర్తో, అన్నయ్యో, అమ్మో తాగుతున్నారు, గ్రూపుకు రానంటున్నారు అనుకోండి. బలవంతంగా చేయి పట్టుకుని తీసుకెళ్తే గదిలో కూర్చుంటారు గానీ చెవిన పెట్టరు. తాగి ఉన్నప్పుడు ఈ ప్రస్తావన అసలు వద్దు. పొద్దున్న, ఒంట్లో బాగాలేక, మనసులో నొచ్చుకుంటున్న వేళ ఒక్కసారి చెప్పండి: “ఇక్కడ మీటింగు ఉందట, నేనూ వస్తాను, ఒక గంట కూర్చుని వచ్చేద్దాం.” ఆ కాగితం కనిపించేచోట పెట్టి ఊరుకోండి.

వాళ్లు వచ్చినా రాకపోయినా మీకంటూ ఒక గ్రూపు ఉంది. బిల్ విల్సన్ భార్య లోయిస్, ఇంకో ఏఏ సభ్యుడి భార్యతో కలిసి 1951లో ఆల్-అనాన్ మొదలుపెట్టారు. తాగేవాళ్ల కుటుంబాల కోసం అది. 1957 నుంచి టీనేజీ పిల్లల కోసం ఆల్-అటీన్ కూడా ఉంది. ఏళ్ల తరబడి అబద్ధాలు చెప్పి ఆఫీసుకు సెలవు పెట్టించి, అప్పులు తీర్చి, రాత్రిళ్లు గేటు చప్పుడు కోసం మేలుకుని ఉన్నవాళ్లకు తమ గోడు చెప్పుకునే చోటు కావాలి. తాగే మనిషి బాగుపడే వరకు ఆగక్కర్లేదు, ఈ వారమే వెళ్లొచ్చు.

దగ్గర్లో ఏదీ లేకపోతే

ఆన్‌లైన్ మీటింగులు ఉన్నాయి. ఏఏకు ఆన్‌లైన్ ఇంటర్‌గ్రూప్ అనే జాబితా ఉంది, అందులో భాష, సమయం చూసుకుని ఎంచుకోవచ్చు. రాత్రి రెండింటికి నిద్ర పట్టక కూర్చున్నప్పుడు కూడా ప్రపంచంలో ఎక్కడో ఒకచోట మీటింగు నడుస్తూ ఉంటుంది. కెమెరా ఆపేసుకోవచ్చు, పేరు మార్చుకోవచ్చు. ఇంట్లో గోడలకు చెవులుంటాయి కాబట్టి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. అక్కడ కూడా ఒకరిద్దరి నంబర్లు తీసుకోండి. లేకపోతే స్క్రీన్ ఆపేయగానే మళ్లీ ఒంటరే.

కొన్నాళ్లు నిలబడ్డాక మీ ఊళ్లోనే ఒకటి మొదలుపెట్టొచ్చు. ఏఏ లెక్కలో గ్రూపు కావడానికి తాగుడు మానాలనుకునేవాళ్లు ఇద్దరు ముగ్గురు చాలు. దగ్గర్లోని ఏఏ ఆఫీసుకు ఫోన్ చేస్తే చదవాల్సిన కాగితాలు, పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయో చెబుతారు, మీ మీటింగును జాబితాలో చేరుస్తారు. బడి గదో, ఆస్పత్రి హాలో, లైబ్రరీలో ఒక మూలో వారానికి ఒక గంట అడిగి తీసుకోండి. మీ ప్రాంతంలో తాగుడు కేసులు చూసే డాక్టరుకు, నర్సులకు మీటింగు రోజు, సమయం, ఒక ఫోన్ నంబరు రాసి ఇవ్వండి. చోటు మారితే పాత తలుపు మీద కొత్త అడ్రసు రాసిన కాగితం అంటించండి, వాచ్‌మన్‌కూ చెప్పండి. మొదటి కొన్ని వారాలు ఎవరూ రాకపోవచ్చు. అయినా ఆ గంటసేపు లైటు వేసి, తలుపు తీసి కూర్చోండి.